మంత్రి గారూ, ఆల్గే చేసే ఖనిజానికి ముందుగా ఒక నాణ్యతా ప్రమాణం రాయించండి

గౌరవనీయులైన పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. పెయింట్లలో, ప్లాస్టిక్‌లో కలిపే తెల్లపొడుల నాణ్యత చూడటం నా ఉద్యోగం. మా దగ్గరికి వచ్చే పొడిలో చాలావరకు గనిలో తవ్విన సున్నపురాయిని మిల్లులో పిండి చేసి పంపించిందే. అదే కాల్షియం కార్బొనేట్‌ని సముద్రపు నీళ్ళలో కంటికి ఆనని ఆల్గే (నాచు జాతి జీవులు) తమంతట తాము తయారు చేస్తాయని, దాన్ని ఫ్యాక్టరీలకు ముడిసరుకుగా తీసుకోవచ్చని మీ దాకా వచ్చే ఉంటుంది. వచ్చినా ఆ ఫైలు ఎటు పంపాలో తేలక ఎక్కడో ఆగిపోతుందని నా భయం. చెరువులో పెరిగేది కాబట్టి మత్స్యశాఖా, ఖనిజం కాబట్టి గనుల శాఖా, జీవి కాబట్టి బయోటెక్నాలజీ వాళ్ళా? కొనేది పరిశ్రమ కాబట్టి మీరే చేతిలోకి తీసుకోండి అని అడగడానికే ఈ ఉత్తరం.

కొక్కోలిథోఫోర్లు అని ఏకకణ ఆల్గే ఉన్నాయి. వాటిలో అందరికంటే పేరున్నది ఎమిలియానియా హక్స్‌లేయి, కణం సుమారు 5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అది తన లోపలే ఒక చిన్న తిత్తిలో కాల్సైట్ (కాల్షియం కార్బొనేట్ స్ఫటికం) పలకను పెంచుకుని, పూర్తయ్యాక బయటికి నెట్టి ఒంటి మీద కప్పుకుంటుంది, మళ్ళీ ఇంకొకటి మొదలుపెడుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద మిల్లు పొడిని చూస్తే పదునైన అంచులతో చిన్నాపెద్దా ముక్కలు, ఒకదానికొకటి పొంతన ఉండదు. ఈ పలకల్ని చూస్తే ఆకులు బిగించిన బండి చక్రాల్లా గుండ్రంగా, 2 నుంచి 4 మైక్రాన్ల మధ్య, దాదాపు ఒకే సైజులో కనిపిస్తాయి. దీనికోసం ఏ మిల్లూ తిరగలేదు. ఇంగ్లండ్‌లో డోవర్ దగ్గరి తెల్లటి సుద్ద కొండలు ప్రధానంగా ఇలాంటి పలకలే, డైనోసార్లు బతికిన క్రెటేషియస్ కాలంలో సముద్రం అడుగున పేరుకున్నవి. అంటే పరిశ్రమకు ఈ సరుకు కొత్త కాదు, బతికున్న ఆల్గే నుంచి తీసుకోవడమే కొత్త.

డయాటమ్‌ల కథ కూడా ఇంతే, అవీ ఏకకణ ఆల్గేనే, కాకపోతే ఇసుకలో ఉండే సిలికాతో పెంకు కట్టుకుంటాయి. 1867లో ఆల్ఫ్రెడ్ నోబెల్ నైట్రోగ్లిజరిన్‌ని ఇంకించి డైనమైట్ చేసింది వాటి శిలాజపు మట్టితోనే. ఇప్పటికీ ఆ మట్టిని వడపోతలకు వాడుతున్నాం. మనుషులు సిలికా చేయాలంటే ఇసుకను సోడా యాష్‌తో కలిపి 1000 డిగ్రీలు దాటి కరిగించి, ఆ వచ్చినదాన్ని మళ్ళీ యాసిడ్‌తో విరగ్గొట్టాలి. డయాటమ్ అదే పనిని మామూలు నీటి వేడిలో కానిచ్చేస్తుంది. ఇందులో సిలాఫిన్లు అనే ప్రొటీన్ల పాత్ర ఏమిటో 1999లోనే బయటపడింది. పైగా తవ్వి తీసిన మట్టిని వడపోతకు పనికొచ్చేలా కాల్చినప్పుడు క్రిస్టోబలైట్ అనే స్ఫటిక సిలికా పుడుతుంది, ఆ దుమ్ము పీల్చిన కార్మికుడికి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు. బతికున్న డయాటమ్‌ల నుంచి, అంత వేడి అవసరం లేకుండా శుభ్రం చేయగలిగిన సిలికా దొరుకుతుందంటే నాకు అన్నిటికంటే ముందు ఆ కార్మికుడే గుర్తొస్తాడు.

ఇక సిమెంట్. అందరూ దాని గురించే మాట్లాడుతున్నారు, కారణం కూడా ఉంది. సిమెంట్ చేయాలంటే సున్నపురాయిని కాల్చాలి, 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది. 2022లో అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ బృందానికి కొక్కోలిథోఫోర్ల సున్నపురాయి మీద పనిచేయడానికి అక్కడి ప్రభుత్వం 32 లక్షల డాలర్లు ఇచ్చింది. తమ దేశపు సిమెంట్ మొత్తానికి 10 నుంచి 20 లక్షల ఎకరాల చెరువులు కావాలని వాళ్ళ అంచనా. మంచి పనే, కానీ మనం అక్కడ మొదలుపెట్టొద్దని నా మనవి. సిమెంట్‌కి కొండలకు కొండలు కావాలి, అదీ కారుచౌకగా. ఆల్గే నీళ్ళు చాలా పల్చన, లీటరుకి గ్రాము సరుకు రావడమే కష్టం, మిగతాదంతా నీళ్ళు తీసే ఖర్చు. కిలోకి కాస్త ధర పలికే పెయింటు, కాగితం, ప్లాస్టిక్, వడపోత పొడుల దగ్గర మొదలుపెడితే నిలదొక్కుకోవడానికి టైమ్ దొరుకుతుంది. వీటిలో చాలావాటిలో పొడిని కాల్చం కాబట్టి అందులోని కార్బన్ కూడా అందులోనే ఉంటుంది.

ఒక విషయం మాత్రం మీకు ఎవరూ చెప్పకపోవచ్చు. ఆల్గే పలక కట్టేటప్పుడు నీళ్ళలో కరిగి ఉండే రెండు బైకార్బొనేట్‌లు వాడితే ఒకటి కాల్సైట్‌లోకి వెళ్తుంది, ఇంకొకటి కార్బన్ డయాక్సైడ్‌గా మిగులుతుంది. దాన్ని కిరణజన్య సంయోగక్రియ కొంత లాగేసుకుంటుంది, ఎంత అనేది పెంచే పద్ధతిని బట్టి మారుతుంది. అందుకని "ఆల్గే కార్బన్‌ని తాగేస్తుంది" అన్న ఒక్క స్లైడ్ చూసి సబ్సిడీ ఇవ్వకండి. కాల్షియం ఎక్కడి నుంచి తెస్తున్నారు, నీళ్ళు తిప్పడానికి కరెంటు ఎంత, ఆరబెట్టడానికి వేడి ఎంత, ఈ లెక్కలన్నీ అడిగి చూపించినవాళ్ళకే ఇవ్వండి.

అన్నిటికంటే ముందు కావలసింది ప్రమాణం. మా ల్యాబ్‌లో గాడి చెక్కిన స్టీలు దిమ్మ ఒకటి ఉంటుంది, గాడి ఒక చివర 100 మైక్రాన్ల లోతు, పోనుపోను సున్నా. పెయింటు పోసి బ్లేడుతో లాగితే ముతక రేణువులు ఎక్కడ గీతలు పెడతాయో అక్కడ కొలత చదువుకుంటాం. ఆల్గే పొడి గట్టెక్కాల్సింది ఇలాంటి పరీక్షల్లోనే. పలకలు ఎంత సన్నవైనా, కణాల జిగురు సరిగా పోకపోతే ఉండలు కడతాయి, రంగు పసుపు తిరుగుతుంది, వాసన వస్తుంది. సముద్రపు ఉప్పు మిగిలితే ఇంకా ప్రమాదం, పూసిన పెయింటు కింద పొక్కులు లేచి ఇనుము తుప్పు పడుతుంది. గని పొడికి రాసిన ప్రమాణాలు రాతిలోని మలినాల్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి, ఆల్గే జిగురు గురించి వాటిని అడిగితే ఏం చెప్తాయి? ఉప్పు ఎంతవరకు ఉండొచ్చు, సేంద్రియ పదార్థం ఎంత, భార లోహాలు ఎంత అని కాగితం మీద లేనంతవరకు సరుకు ఎంత బాగున్నా పర్చేజ్ వాళ్ళు సంతకం పెట్టరు, అది వాళ్ళ తప్పూ కాదు.

కాబట్టి ఆల్గే పెంచేవాళ్ళనీ, పెయింటు, కాగితం, వడపోత పొడులు వాడేవాళ్ళనీ ఒకే కమిటీలో కూర్చోబెట్టి ఈ ప్రమాణం రాయించండి. దాంతోపాటు సముద్రం ఒడ్డున, పొగగొట్టం నుంచి కార్బన్ డయాక్సైడ్ అందే చోట, అందరూ వాడుకునే ఒక పైలట్ ప్లాంట్ పెట్టించి, అక్కడి దిగుబడి, ఖర్చు లెక్కల్ని ప్రజల ముందు పెట్టండి. పెంచేది ఆ తీరపు నీళ్ళలో సహజంగా ఉండే రకాలే అయ్యుండాలని షరతు పెట్టండి. కమిటీ మొదటి సమావేశానికి నన్ను పిలిస్తే పరీక్షా పద్ధతుల చిత్తుప్రతి పట్టుకుని వస్తాను.

ఇట్లు,
తెల్లపొడులు పరీక్షించే ఒక ల్యాబ్ ఉద్యోగి