ఎడారి పాఠానికి థర్మాకోల్ ఎందుకు?

సంపాదక మహాశయులకు నమస్కారములు.

నెలకొక అంశం ఎంచుకొని పాట, కథ, బొమ్మ, ఆట అన్నీ దాని చుట్టూ అల్లి చెప్పే పద్ధతి మన చెన్నైలోని ప్లేస్కూళ్లలో, ఎల్‌కేజీ తరగతుల్లో ఇప్పుడు బాగా వాడుకలో ఉంది. పద్ధతి మంచిదే. మూడు నాలుగేళ్ల పిల్లలకు భూగోళం వేరు, గణితం వేరు, భాష వేరు అని గీతలు గీసి చెప్పడం ఎలాగూ కుదరదు. ఈ నెల మా మనవరాలి తరగతికి వచ్చిన అంశం ఎడారి. ముప్పై ఏళ్లకు పైగా ప్రాథమిక పాఠశాలలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నేను, పైగా అనంతపురం జిల్లా రాయదుర్గం ప్రాంతంలో పుట్టి పెరిగిన దాన్ని కావడంతో, పాప ఏం నేర్చుకొని వస్తుందోనని కొంత ఆశగానే ఎదురుచూశాను.

వచ్చింది పాఠం కాదు, వాట్సాప్ సందేశం. రేపు ఉదయానికి ప్రతి బిడ్డా ఒక ఎడారి నమూనా తేవాలని సాయంత్రం ఏడు గంటలకు పంపించారు. మా కోడలు ఆఫీసు నుంచి వచ్చీరాగానే దుకాణానికి పరుగెత్తి థర్మాకోల్ పలక, బంగారు రంగు మెరుపు పొడి, జిగురు, రెండు ప్లాస్టిక్ ఒంటెలు కొని తెచ్చి, వంట ముగించుకొని, రాత్రి పన్నెండు దాకా కూర్చొని నమూనా పూర్తిచేసింది. నాలుగేళ్ల పాప అప్పటికే నిద్రపోయింది. మరునాడు ఆ నమూనాకు తరగతిలో నక్షత్రం గుర్తు దక్కింది. ఇంటికి వచ్చాక “ఇందులో ఏమేం ఉన్నాయమ్మా?” అని అడిగితే, “అమ్మనడుగు నానమ్మా, అమ్మే కదా చేసింది” అంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ నక్షత్రం నిజంగా మా కోడలిదే.

అలంకరణకు వాడే థర్మాకోల్‌ను దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధించిన సంగతి బడి యాజమాన్యాలకు తెలియనిది కాదు. అయినా ఆ పలకను కొని తెమ్మనడం, మర్నాటికి అది చెత్తబుట్టలో పడడం చూస్తుంటే, ప్రకృతిని గురించి పిల్లలకు మనం మొదట నేర్పుతున్నది ఏమిటో ఆలోచించుకోవాలి. అయితే నా ఫిర్యాదు అసలు దాని గురించి కాదు. నమూనా కోసం పంపించిన ముద్రిత చిత్రంలో రాజస్థాన్‌లోని థార్ ఎడారి ఒంటె పక్కన కొమ్మలు చాచిన పెద్ద ముళ్ల మొక్క, దాని వెనుక పిరమిడ్ ఉన్నాయి. ఆ మొక్క పేరు సగ్వారో. అది అమెరికాలోని అరిజోనా, దానికి ఆనుకొని ఉన్న మెక్సికో ప్రాంతాల్లో వ్యాపించిన సొనోరా ఎడారిలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. దానికి తొలి కొమ్మ రావడానికే సాధారణంగా 50 ఏళ్లకు పైగా పడుతుంది. థార్‌లో సహజంగా పెరిగే జెముడు మొక్క వేరే కుటుంబానిది. గిల్లితే పాలు కారుతాయి. మన పొలాలకు కంచెగా నాటే నాగజెముడు కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే. ఇక ఒంటె మూపురంలో నీళ్లు ఉంటాయని ఆ చిత్రం కింద రాసి ఉంది. మూపురంలో ఉండేది కొవ్వు. నీళ్లు దొరికినప్పుడు పది పదిహేను నిమిషాల్లో సుమారు 100 లీటర్లు తాగగల శక్తి ఒంటెకు ఉన్నమాట నిజమే గానీ, ఆ నీరు మూపురంలోకి చేరదు. చిన్నపిల్లలే కదా, ఇంత వివరం ఎందుకని అనేవారు ఉంటారు. నాలుగేళ్ల వయసులో మనసుకు పట్టిన తప్పు పదో తరగతి దాకా వదలదని నా అనుభవం. ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న పెద్దపిల్లలు కూడా ఒంటె నీళ్లసంచి అని నాతో వాదించారు.

మరి ఈ వయసు పిల్లలకు ఎడారిని ఎలా చెప్పాలి? ఇసుకతో మొదలుపెట్టాలని నా మనవి. చెన్నైలో ఇసుకకు కరవేమీ లేదు. ఇసుకను జల్లించి, కడిగి, ఎండబెట్టి వెడల్పాటి పళ్లెంలో పోస్తే సరిపోతుంది. పొడి ఇసుక వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది, తడి ఇసుక ముద్దకడుతుంది. ఈ తేడా పిల్ల తన చేత్తో పట్టి తెలుసుకోవలసినది. ఆ పళ్లెం మీద కాస్త ఎడంగా ఉండి విసనకర్రతో విసిరితే ఇసుక కదిలి దిబ్బలా ఎలా పోగవుతుందో కనిపిస్తుంది. పుల్లతో గుచ్చితే పుల్ల దిగబడుతుంది, అరచేయి పెట్టి నొక్కితే అంతగా దిగదు. ఒంటె పాదం వెడల్పుగా, మెత్తగా ఎందుకుంటుందో ఇంతకంటే బాగా ఏ బొమ్మ చెప్పగలదు? ఊరికి వెళ్లి వచ్చేటప్పుడు పెన్నా ఇసుక ఒక పిడికెడు, స్వర్ణముఖి ఇసుక ఒక పిడికెడు తెచ్చి మెరీనా ఇసుక పక్కన పోస్తే, రంగులో, గరుకుతనంలో ఉండే తేడాలను పెద్దవాళ్లు చెప్పకముందే పిల్లలు కనిపెడతారు.

ఇసుక పళ్లెం మనకు కొత్తదేమీ కాదు. మన వీధిబడుల్లో పిల్లలు ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దేవారు. ఎగ్మూరులో సైనికుల అనాథ బాలల కోసం నడిచిన ఆశ్రమానికి 1789లో అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు, ఇక్కడి ఒక బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి ఆ పద్ధతిని తన ఆశ్రమంలో ప్రవేశపెట్టాడు. ముందు నేర్చుకున్న పిల్లవాడు తర్వాతి వాడికి నేర్పే ఏర్పాటును దానికి జోడించి, ఆ వివరాలను 1797లో లండన్‌లో ప్రచురించాడు. మద్రాసు పద్ధతి అన్న పేరుతో అది ఇంగ్లండులో ఎన్నో బడులకు పాకింది. అంటే ఈ నగరం నుంచి ఇంగ్లండుకు ఎగుమతి అయిన ఇసుక పళ్లేన్ని, ఈ నగరపు ప్లేస్కూళ్లలోనే ఇప్పుడు నేను కొత్తగా అడగవలసి వస్తోంది. 1939లో అడయారుకు వచ్చి ఇక్కడి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరీ కూడా అక్షరాలను గరుకు కాగితంతో కత్తిరించి, పిల్లల చేత వేలితో తడిమించి నేర్పిన సంగతి ఆమె పేరు పెట్టుకున్న బడులన్నిటికీ తెలిసే ఉండాలి.

ఎడారి అంటే ఇసుక మాత్రమే కాదు, వాన లేకపోవడం. ఏడాదికి సగటున 250 మిల్లీమీటర్లకు మించి వాన కురవని నేలను ఎడారిగా లెక్కించడం మామూలు. ఈ అంకె పిల్లలకు చెప్పి ప్రయోజనం లేదు, చూపించవచ్చు. ఇంట్లో గోడకు పాపను నిలబెట్టి, నేల నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తులో సుద్దముక్కతో ఒక గీత గీశాను. ఏడాదంతా కురిసిన వాన ఇంకకుండా, ఆవిరి కాకుండా నిలిచిపోతే ఎడారిలో ఇంతవరకే వస్తుందని చెప్పాను. గీత ఆమె మోకాలి దగ్గరకు వచ్చింది. తర్వాత చెన్నై వానకు గీత గీయమంది. ఇక్కడి సగటు ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్లు. ఆ గీత పాప తలకు బాగా పైన పడింది. “అయితే నేను మునిగిపోతానా?” అని కాసేపు భయపడి, తర్వాత బొమ్మలన్నిటినీ తెచ్చి ఒక్కొక్కటిగా గోడ దగ్గర నిలబెట్టి, ఏది మునుగుతుందో ఏది తేలుతుందో తేల్చుకుంటూ ఆ సాయంత్రమంతా గడిపింది. ఖర్చు ఒక సుద్దముక్క.

ఇలాంటివి ఇంకా ఎన్నో చేయవచ్చు. ఒకే కొలత గుడ్డముక్కలు రెండు తడిపి ఒకటి ఎండలో, ఒకటి నీడలో ఆరవేయించి, ఏది ముందు ఆరిందో పట్టుకొని చూడమనవచ్చు. మూడో ముక్కను మైనపు కాగితంలో చుట్టి ఎండలోనే పెడితే, ఎడారి మొక్కకు మైనం పూసినట్టుండే దళసరి తోలు దేనికో తెలుస్తుంది. గోధుమపిండి ముద్దకు కాస్త పసుపు, ఆకుకూర రసం కలిపి జెముడు మొక్కను చేయించి, ముళ్లకు బదులు జీలకర్ర గుచ్చించవచ్చు. బొటనవేలు, చూపుడువేలు కలిపి గింజను పట్టుకోవడం నేర్చిన చేతికి, రేపు పెన్సిలు పట్టుకోవడం తేలికవుతుంది. నిజమైన నాగజెముడును మాత్రం తరగతిలోకి తేవద్దు. దాని పెద్ద ముళ్లకంటే, కంటికి కనబడని నూగు ముళ్లు వేళ్లలో దిగి ఏడిపిస్తాయి. జెముడు పాలు కంట్లో పడితే ఇంకా ప్రమాదం. శనగలు, పూసలు ముక్కుల్లో దూర్చుకునే వయసు కనుక వాటికీ దూరంగా ఉండాలి. ఇంకా అన్నీ నోట్లో పెట్టుకునే చిన్నవాళ్లకు ఇసుక బదులు వేయించిన బొంబాయి రవ్వ చాలు.

అన్నిటికంటే నాకు విచారం కలిగించిన విషయం మరొకటి ఉంది. దసరా నాడు మనం పూజించే జమ్మి చెట్టు, థార్ ఎడారి ప్రజలు ప్రాణంగా చూసుకునే ఖేజ్రీ ఒకటే. తెలంగాణకూ రాజస్థాన్‌కూ అదే రాష్ట్ర వృక్షం. తమిళులు దాన్నే వన్ని అంటారు. ఇక్కడి కొన్ని ఆలయాల్లో అదే స్థలవృక్షం. ఆకులు చిన్నవి, వేళ్లు చాలా లోతుకు దిగేవి కావడం వల్ల నీటి ఎద్దడికి తట్టుకుంటుంది. ఎడారిలో పశువులకు మేత, మనుషులకు కాయ, అందరికీ నీడ అదే. ఆ చెట్టును కాపాడటానికి 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ గ్రామంలో అమృతాదేవి అనే మహిళతో మొదలై 363 మంది బిష్ణోయి మతశాఖవారు ప్రాణాలిచ్చారు. ఇది నాలుగేళ్ల పిల్లలకు చెప్పే కథ కాదు, పాఠం చెప్పే మిస్‌కు తెలియవలసిన కథ. పిల్లలకు పాండవులు జమ్మి చెట్టు మీద ఆయుధాలు దాచిన కథ చాలు. జమ్మి ఆకుకు రంగు అద్ది కాగితం మీద ముద్ర వేయించి, దాని పక్కనే అరటి ఆకు ముక్క ముద్ర వేయిస్తే, ఎండలో ఏ ఆకు ఎక్కువ నీరు పోగొట్టుకుంటుందో మాట్లాడుకోవడానికి దారి దొరుకుతుంది. మన ఇంటి పండుగలోనే ఎడారి చెట్టు ఉండగా, సొనోరా దాకా వెళ్లి సగ్వారోను తెచ్చుకోవడం దేనికి?

భాష గురించీ ఒక మాట. మా పాపకు కేమల్ తెలుసు, ఒంటె తెలియదు. డెజర్ట్ తెలుసు, ఎడారి తెలియదు. ఎండమావి అన్న మాట వినగానే నవ్వింది; మహాబలిపురం వెళ్లే దారిలో మధ్యాహ్నం వేళ తారురోడ్డు మీద దూరాన నీళ్లలా మెరిసి, దగ్గరకు వెళ్లేసరికి మాయమైన దాన్ని చూపించాక ఇక ఆ మాట వదలలేదు. వేడెక్కిన నేలకు ఆనుకొని ఉన్న గాలి ఆకాశపు వెలుతురును వంచి చూపిస్తుందని ఆమెకు ఇప్పుడే అర్థం కాకపోవచ్చు. మాట దగ్గరుంటే అర్థం తర్వాత వస్తుంది. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 2022 అక్టోబరులో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఆట ద్వారా, ఇంటి భాషలో, చుట్టుపక్కల దొరికే వస్తువులతో నేర్పమనే చెబుతోంది. ఆ చట్రానికి మూలమైన జాతీయ విద్యావిధానం పట్ల తమిళనాడు ప్రభుత్వానికి ఉన్న అభ్యంతరాలు వేరు, వాటి జోలికి నేను పోవడం లేదు. ఈ ఒక్క మాట మీద ఎవరికీ పేచీ ఉండదనుకుంటాను.

మా రాయదుర్గం వైపు బొమ్మనహాళ్, కణేకల్ మండలాల్లో, మేము హగరి అని పిలిచే వేదవతి నది ఇసుక గాలికి లేచి పొలాల మీద మేటలు వేస్తుంది. చిన్నప్పుడు గాలి వీచే రోజుల్లో అన్నం పళ్లెం మీద మూత పెట్టుకొని తినేవాళ్లం. ఈ సంగతి చెబితే మా పాప పళ్లెం మీద మూత పెట్టుకొని అన్నం తినాలని రెండు రోజులు పట్టుబట్టింది. ప్రతి తరగతిలోనూ ఇలాంటి తాతయ్యలు, అమ్మమ్మలు ఉన్న పిల్లలు ఒకరిద్దరైనా ఉంటారు. రాజస్థాన్ నుంచి వచ్చి షావుకారుపేటలో స్థిరపడిన కుటుంబాలు మన నగరంలోనే ఎన్నో ఉన్నాయి. ఒక గంటసేపు వచ్చి మాట్లాడమని పిలిస్తే కాదనేవారు తక్కువ.

కనుక ప్లేస్కూళ్ల యాజమాన్యాలకు నా విన్నపం ఇది. నమూనాలు ఇంటి నుంచి తెమ్మనే అలవాటును పూర్తిగా మానండి. పిల్ల చేసినది వంకరగా ఉన్నా తరగతిలోనే, తన చేత్తోనే చేయనివ్వండి. దాన్నే గోడకు అంటించండి. ముద్రిత చిత్రాలను పంచే ముందు ఎవరైనా ఒకరు వాటిలోని విషయాలు సరిచూడండి. తల్లిదండ్రులు కూడా, పక్కవాళ్ల నమూనా కంటే మనది బాగుండాలన్న పంతం మాని, చేయలేమని ఒక్కసారి మర్యాదగా చెప్పి చూడండి. మా కోడలు ఇంకా చెప్పలేదు. పాపను వేరుగా చూస్తారేమోనని ఆమె భయం, ఆ భయం నాకూ అర్థమవుతుంది.

ఈ ఉత్తరం ముగిస్తుండగా బడి నుంచి మరో సందేశం వచ్చింది. వచ్చే నెల అంశం సముద్రమట. నీలం రంగు మెరుపు పొడి, ఒక థర్మాకోల్ పలక, ప్లాస్టిక్ చేపలు ఆరు సిద్ధం చేసుకోమన్నారు. బడి ఉన్నది రాయపేటలో. మెరీనాకు నడిచి వెళ్లవచ్చు.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
రాయపేట, చెన్నై