ఖాళీలు నింపాకే సంతకం

పర్లాకిమిడి

చిన్నాకి నాన్న ఆశీస్సులు.

నువ్వు ఫోన్లో పంపిన అగ్రిమెంటు రాత్రి రెండుసార్లు చదివాను. నీ ఫుట్‌బాల్ క్లబ్బుకి నువ్వు అక్కర్లేదు కాబట్టే లోన్ మీద, అంటే కొన్నాళ్ళు ఇంకో క్లబ్బుకి ఆడమని, పంపేస్తున్నారని అమ్మ దగ్గర ఏడ్చావట. పందొమ్మిదేళ్ళ వయసులో పెద్ద క్లబ్బు బెంచీ మీద కూర్చుని చొక్కా మాయకుండా రావడం కంటే, చిన్న క్లబ్బులో తొంభై నిమిషాలూ ఆడటం మేలు. వెళ్ళు. నా బెంగ అది కాదు.

ఒక్క సీజను ఆడితే వచ్చే ఏడు ఇంగ్లండే అన్నాడట కదా ఆ ఏజెంటు! ఒరేయ్, మన దేశపు ఫుట్‌బాల్ జట్టుకి కెప్టెన్‌గా చేసిన సునీల్ ఛెత్రీ సంగతి నీకు తెలియనిదా? 2009లో లండన్‌లోని క్వీన్స్ పార్క్ రేంజర్స్ క్లబ్బు అతన్ని తీసుకోవడానికి సిద్ధపడింది. బ్రిటన్ వాళ్ళు వర్క్ పర్మిట్, అదే అక్కడ పనిచేసే అనుమతి, ఇవ్వలేదు. అతని ఆట చాలక కాదు, ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఇచ్చే ర్యాంకుల్లో మన దేశం మొదటి 70లో లేనందుకు. ఇప్పుడది పాయింట్ల లెక్క అయింది, 15 రావాలి. జాతీయ జట్టుకి ఎన్ని మ్యాచ్‌లు ఆడావు, నీ లీగు స్థాయి ఏమిటి, అందులో ఎన్ని నిమిషాలు ఆడావు, అన్నీ చూస్తారు. 2023లో కాస్త సడలించి, పాయింట్లు చాలనివాళ్ళని క్లబ్బుకి గరిష్ఠంగా నలుగురిని తీసుకోనిస్తున్నారు. ఆ నలుగురిలో మనవాడు ఉండాలంటే ఎంత పోటీయో నువ్వే ఊహించుకో.

పర్మిట్ రాని కుర్రాణ్ణి వేరే దేశానికి లోన్ మీద పంపి కాలం గడపడం పాత పద్ధతే. చైనా కుర్రాడు డాంగ్ ఫాంగ్‌జువోని ఇంగ్లండు క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ 2004లో కొని, పర్మిట్ రాక బెల్జియంలో ఆంట్‌వెర్ప్ జట్టుకి పంపింది. అక్కడ గోల్స్ బాగానే కొట్టాడు. తీరా 2007లో యునైటెడ్ చొక్కా వేసుకుంటే, ఇంగ్లండు పెద్ద పోటీ ప్రీమియర్ లీగులో ఆడింది ఒక్క మ్యాచ్.

లోన్ల పేరుతో కుర్రాళ్ళని గోడౌన్లో సరుకులా ఉంచేస్తున్నారని ఫిఫా 2022లో దేశం దాటే లోన్లకి హద్దులు పెట్టింది. ఏడాదికి మించకూడదు, తీసుకున్న క్లబ్బు ఇంకో క్లబ్బుకి పంపకూడదు. ఒక్కో క్లబ్బు ఒకేసారి బయటికి పంపేది ఆరుగురినే. అయితే 21 దాటని, తాము తయారుచేసిన కుర్రాళ్ళు ఆ ఆరులోకి రారు. అంటే నీ ఈడువాళ్ళని ఎంతమందినైనా పంపొచ్చు! అందుకే కాగితం గట్టిగా ఉండాలంటున్నాను.

నీ కాగితంలో నాలుగో పేజీ చూశావా? గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిదన్న చోట చుక్కలు పెట్టి వదిలేశారు. జీతంలో ఏ క్లబ్బు వాటా ఎంతో లేదు. మధ్యలో వెనక్కి పిలిచే హక్కు ఉందో లేదో అసలే లేదు. ఇన్నేళ్ళు రిజిస్ట్రారాఫీసు ముందు దస్తావేజులు రాశాను, ఖాళీ ఉన్నచోట గీత కొట్టకుండా ఏ కాగితమూ నా చెయ్యి దాటలేదు. నా కొడుకు కాగితం దాటుతుందా? ఆ మూడూ రాయించి, మళ్ళీ పంపు. నేను చూశాకే సంతకం పెట్టు. ఏజెంటు తొందరపెడితే నాన్న ఒప్పుకోవడం లేదని నా మీద తోసెయ్.

ఆ ఊళ్ళో భోజనం ఎవరు పెడతారని మీ అమ్మ అడుగుతోంది. అదీ రాయించు.

ఇట్లు,
నాన్న