నరశార్దూలా, లేచావా?

ఒరే శార్దూలం,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకో, కానీ ఇది మొత్తం చదివాక తిట్టుకో. ఫోన్ చేసి చెబుదామనే అనుకున్నాను. నువ్వేమో మధ్యలో జోకులేస్తావు, నాకేమో గొంతు పట్టేస్తుంది. అందుకే కాగితం తీశాను.

మామూలు కబుర్లు ముందే అవగొట్టేస్తా. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, ఆవకాయ పెట్టాం, నీ జాడీ విడిగా తీసిపెట్టాను, స్లాబు ఈ ఏడు కూడా కారేలా ఉంది. అంతే.

అసలు సంగతి. పోయిన ఆదివారం మా బుడ్డోణ్ణి విజయవాడ పక్కన ఒక ఇంటర్ కాలేజీ హాస్టల్లో దింపొచ్చాం. ట్రంకు పెట్టె, బకెట్టు, రెండు దుప్పట్లు, ఓ చిన్న తాళం. పొద్దున నాలుగున్నరకి లేపి స్టడీ అవర్‌లో కూర్చోబెడతామన్నాడు అక్కడి వార్డెన్. "వాడికింకా పదహారు నిండలేదండీ, ఇంట్లో ఏడైతే గానీ లేవడు" అన్నాను. "అందరూ అంతే సార్, వారంలో అలవాటైపోతుంది" అన్నాడు తలెత్తకుండా. ఆ పదహారు మాట గుర్తుంచుకో, మళ్లీ దాని దగ్గరికే వస్తా.

రాత్రి బస్సు దొరక్క దగ్గర్లోనే లాడ్జిలో పడుకున్నాం. తెల్లారుజామున మెలకువ వచ్చి చూస్తే మా ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. లైటు వెయ్యలేదు. "ఈపాటికి లేపుంటారా?" అంది. టైం చూస్తే నాలుగూ నలభై. నేనేదో అనేలోపే వీధి చివర గుడి మైకు గరగరమంది, ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి గొంతు లేచింది.

కౌసల్యా సుప్రజా రామ పూర్వా సంధ్యా ప్రవర్తతే...

నీకేం గుర్తొచ్చిందో నాకు తెలుసు వెధవా. నాకూ ముందు అదే గుర్తొచ్చింది. కౌసల్య, సుప్రజ, సంధ్య. ముగ్గురమ్మాయిల మధ్య పాపం రాముడు! మీ అరుగు మీద ట్యూషన్లో ఈ జోకు వేసింది నేను, నవ్వింది నువ్వు, దొరికింది ఇద్దరం. మాస్టారు బెత్తం తీస్తారనుకుంటే, కళ్లజోడు తీసి పక్కన పెట్టి చెప్పడం మొదలెట్టారు. అదింకా భయం. ఆ పాఠంలోనే గోడకానుకుని నువ్వు నిద్రపోవడం, "ఉత్తిష్ఠ నరశార్దూల" అంటూ ఆయన నీ చెవి పట్టుకోవడం... నీకు ఈ పేరు ఖాయమైంది అప్పుడే కదా.

నువ్వు నిద్రపోయావు గానీ నేను విన్నాను రోయ్. ముప్పై ఏళ్లు ఎక్కడ దాక్కుందో, లాడ్జి చీకట్లో ఒక్కో మాటా బయటికొచ్చింది.

సుప్రజ అంటే మంచి సంతానం. కౌసల్య కన్న మంచి బిడ్డా, రామా, తూర్పున తెల్లవారుతోంది, నరశార్దూలా, అంటే మనుషుల్లో పులిలాంటివాడా, లే. దేవుడికి సంబంధించిన నిత్యకర్మలు చేసుకోవాలి. ఇంతే శ్లోకం. ఇది వేంకటేశ్వరుడి కోసం రాసింది కాదు, వాల్మీకి బాలకాండలోది. సుప్రభాతం కూర్చిన ప్రతివాది భయంకరం అణ్ణన్ పదిహేనో శతాబ్దం మనిషి. ఎదుటి పండితుల్ని వణికించే బిరుదున్న ఆయన, కొండ మీద సాక్షాత్తూ స్వామిని లేపడానికి ఓ పిల్లాణ్ణి లేపిన శ్లోకం అరువు తెచ్చుకున్నాడు. సొంత మాటలు లేకనా?

ఆ పిల్లాడు ఎక్కడ పడుకున్నాడో చూడు. సరయూ ఒడ్డున, ఆకులు పరిచిన పక్క మీద. హంసతూలికా తల్పం నుంచి వచ్చి ఇల్లు వదిలిన మొదటి రాత్రి. యాగం కాపాడ్డానికి పంపమని విశ్వామిత్రుడు అడిగితే దశరథుడు ఏమన్నాడు? "ఊనషోడశవర్షో మే రామః". నా రాముడికి ఇంకా పదహారు నిండలేదు అన్నాడు. ఒరే, అక్షరాలా నేను వార్డెన్‌తో అన్నదే! అక్కడా పని చెయ్యలేదు, ఇక్కడా చెయ్యలేదు.

తెల్లారింది, ముని లేపాలి. జుట్టూ గడ్డమూ పెంచుకున్న ఆ కోపిష్ఠి మనిషి నోట మొదట వచ్చిన మాట ఆ పిల్లాడి తల్లి పేరు. దశరథుడి పేరు కాదు, రఘువంశం కాదు. ఈ నిద్రపోయే మొహాన్ని రోజూ చూసి లేపుకునే అదృష్టానికి కౌసల్య ఏం నోచిందో అని ముచ్చటపడ్డాడట. ఇది పెద్దలు చెప్పే అర్థం. దేవుడికి నిద్రేమిటి, లేపేది మన లోపలి వాణ్ణే అని కూడా చెబుతారు. అది తప్పని కాదు గానీ నాకెప్పుడూ కాస్త పొడిగా అనిపిస్తుంది. మాస్టారు అన్నది వేరు. నిద్రలేని వాడు మనచేత లేపించుకోవడానికి పిల్లాడిలా పడుకుంటాడు, అదే దయ అన్నారు.

రెండో శ్లోకానికి వచ్చేసరికి ఆ పిల్లాడే గోవిందుడు. లేచి సంధ్య వార్చుకో నాయనా అన్న నోటితోనే, లేచి మూడు లోకాలకూ మంగళం చెయ్యి అంటున్నాం. మూడో శ్లోకం ఏ మాటతో మొదలవుతుంది? "మాతః". సమస్త జగత్తుకీ అమ్మా అని లక్ష్మీదేవికి. తరవాతదీ ఆవిడకే. అమ్మ పేరుతో మొదలెట్టి, అయ్యని లేపి, మళ్లీ అమ్మ దగ్గరికే. ఇన్నేళ్లు విన్నాం, ఇది నాకు తట్టలేదు. (అవున్లే, కొండ మీదే వినాలని మనం వెళ్లింది ధనుర్మాసంలో. ఆ నెలంతా సుప్రభాతం బదులు తిరుప్పావై అని పైకెళ్లాక తెలిసింది. నీ మొహం ఇప్పటికీ కళ్లముందుంది.)

ఇదంతా మా ఆవిడకి చెప్పాను. ధైర్యం చెబుతున్నానని నా లెక్క. చూశావా, రాముడంతటి వాణ్ణే పదహారు నిండకుండా పంపారు, ముని అమ్మలా లేపాడు, వీడికీ ఎవరో ఒకరు... అంటూ ఉపన్యాసం. అంతా విని మెల్లగా అంది: "మరి ఆ పొద్దున కౌసల్య ఎవర్ని లేపింది?"

నాకు నోట మాట రాలేదురా.

వాల్మీకి ఏమీ చెప్పడు. ప్రయాణమప్పుడు ఆ తల్లి మంగళం పలికి పంపిందంటాడు, తరవాత ముని వెంట నడిచి వెళ్లిపోతాడు. అయోధ్యలో ఆవిడ అలవాటు కొద్దీ ఆ గదికి వెళ్లిందేమో, ఖాళీ పక్క చూసి... ఏమో. మైకులో ఇరవై తొమ్మిది శ్లోకాలూ అయిపోయాయి, స్తోత్రం మొదలైంది, మేం అలాగే కూర్చున్నాం. టీ కోసం కిందికి దిగుతూ జేబులో చెయ్యి పెడితే ట్రంకు పెట్టె రెండో తాళంచెవి తగిలింది. వాడికి ఇవ్వడం మర్చిపోయాం. తిరిగి వెళ్లి ఇద్దామంటే, "వద్దు, మన దగ్గరే ఉండనీ" అంది. ఇప్పుడది దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కన ఉంది. రోజూ నాలుగున్నరకే లేస్తోంది తను. నేను నిద్ర నటిస్తున్నాను.

ఇంత రాసింది ఎందుకంటే, నువ్వొక పని చేసి పెట్టాలి. మాస్టారికి ఈ ప్రశ్న వినిపించు. చెవులు సరిగా పనిచెయ్యడం లేదన్నావుగా, కాస్త గట్టిగా చదువు. ముగ్గురమ్మాయిల ముక్క వదిలేసి చదువు. లేదులే, అదీ చదువు, ఈసారి నవ్వుతారేమో. ఆయన ఏమంటే అది మాట మార్చకుండా రాయి, నీ సొంత కవిత్వం కలపకు. మా ఆవిడకి చెప్పాలి.

ఇంకా పొలం గొడవ సంగతి రాయాలి, కానీ పోస్టు మూడింటికే కట్టేస్తారు, ఇప్పటికే రెండైంది.