వడ్రంగి పనివారి సంఘం, బొబ్బిలి: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పనంతా దాదాపు ఒకే యంత్రం చుట్టూ తిరిగింది. ఉమ్మడి షెడ్డులోని బ్యాండ్‌సా (చక్రాల మీద తిరిగే పళ్ల పట్టీతో కోసే రంపం) గురించి మాట్లాడుకున్నంతగా మరి దేని గురించీ మాట్లాడుకోలేదు. గట్టిగా వాదించుకున్నాం కూడా. అందుకే నివేదికలోనూ దానికే పెద్దపీట.

కారణం మీకు తెలియనిది కాదు. గొల్లపల్లిలో పనస మొద్దు నుంచి పెద్ద వీణ చేసేటప్పుడు చేతికీ రంపానికీ మధ్య కావలసినంత చెక్క ఉంటుంది. బహుమతుల కోసం చేసే చిన్న వీణలకు అలా కాదు. అరచేతిలో ఇమిడే ముక్కలు, అట్టంత పలుచని పలకలు కోయాలి. పైగా బ్యాండ్‌సా మీద మనవాళ్లకు అతినమ్మకం. సర్క్యులర్ రంపంలా ఇది చెక్కను మన మీదికి విసరదు, పట్టీ పైనుంచి కిందికి దిగుతూ ముక్కను బల్లకే అదిమిపెడుతుంది. నిజమే. కానీ ముక్క కింద ఆధారం లేకపోతే అదే లాగుడు దాన్ని బల్ల మధ్య సందులోకి ఈడుస్తుంది. దాన్ని పట్టుకున్న వేలు కూడా వెంట వెళ్తుంది.

సిరిమానోత్సవం అయ్యాక ఆదివారాల్లో శిక్షణ పెట్టాం. మొదటి పాఠం పట్టీ ఎంపిక. అంగుళానికి 6 పళ్లున్న పట్టీతో పావు అంగుళం పలక కోస్తే చెక్కలో ఒకటిన్నర పన్నే ఉంటుంది. పళ్ల మధ్య గాడిలోకి చెక్క దిగి తగులుకుంటుంది. అంచు చీలుతుంది, లేదా ముక్క ఎగురుతుంది. ఎప్పుడూ కనీసం 3 పళ్లయినా చెక్కలో ఉండాలి. అంటే పావు అంగుళం పలకకు వాడే పట్టీకి అంగుళానికి 12 పళ్లకు తగ్గకూడదు, 14 అయితే ఇంకా మేలు. ఒక్క పలకే కదా అని పట్టీ మార్చడానికి బద్ధకించేవారికి ఈ లెక్క షెడ్డు గోడ మీద రాసి పెట్టాం.

పై గైడును, అంటే పట్టీని పైన నిలకడగా పట్టి ఉంచే భాగాన్ని, మొద్దు కోసిన ఎత్తులోనే వదిలేసి పలక మొదలుపెట్టడం మన షెడ్డుకు పాత జబ్బు. గైడు ముక్కకు పావు అంగుళం పైదాకా దిగాలి. అప్పుడే పట్టీ ఊగదు, పళ్లు కూడా అనవసరంగా బయటపడవు.

అందరికీ నచ్చింది మాత్రం ప్లైవుడ్ ఉపాయం. పనికిరాని ప్లైవుడ్ పలకను సగం దాకా రంపంలోకి పోనిచ్చి, యంత్రం ఆపి, దాన్ని బల్లకు క్లాంపులతో బిగించాలి. ఇక పట్టీ చుట్టూ సందే ఉండదు. రెండు రకాలుగానూ కోసిన పలకల అడుగు అంచులను అందరి చేతుల్లోనూ పెట్టాం. ఒకదానికి పీచులు లేచి గోరుకు తగిలాయి, రెండోదానికి లేవలేదు. ఖర్చు లేని పనికి ఇంత ఫలితం అరుదు.

ఇక చిన్న ముక్కలు. వీలైనంతవరకు పొడవు పలక మీదే పనంతా ముగించి, ముక్కను చివర్లో వేరుచేయాలి. ముందే చిన్నదైపోతే, రెండువైపులా అంటుకునే టేపుతో పెద్ద చెక్కకు అతికించి ఆ చెక్కను తోయాలి. లేదా చెక్క క్లాంపులో బిగించాలి. వీణ తీగలు బిగించే బిరడాల కోసం తీసిన గుండ్రని కర్రతో మరీ జాగ్రత్త అవసరం. పన్ను తగలగానే అది గిర్రున తిరిగి పట్టీని మెలిపెడుతుంది. వీ ఆకారపు గాడి తీసిన దిమ్మెలో ఒత్తిపట్టి కోయాలి.

చేతి తొడుగులు తప్పనిసరి చేయాలని కొత్త సభ్యులు కొందరు ప్రతిపాదించారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. రంపానికి తొడుగు చిక్కితే చెయ్యి మొత్తం లాగేస్తుంది. మెడలో కండువా సంగతీ అంతే, పెద్దలు నొచ్చుకోవద్దు. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి.

ఈ ఏడాది ఒక సభ్యుడి వేలి చివర తెగింది. స్విచ్ ఆపేశాడు, కానీ చక్రాలు ఇంకా తిరుగుతున్నాయి. పట్టీ పక్కనున్న తుంటను వేలితో తీయబోయాడు. గాయం మానింది, పనిలోకి వచ్చాడు. అప్పటినుంచి యంత్రం పక్కన తోపుడు కర్ర వేలాడదీశాం. పట్టీ పూర్తిగా ఆగేదాకా తుంటలను దానితోనే నెట్టాలి.

మిగతా విషయాలు క్లుప్తంగా: ఆదాయ వ్యయాల పట్టిక నోటీసు బోర్డు మీద ఉంది, సందేహాలుంటే కోశాధికారిని అడగండి. రంపపు పొట్టు గొట్టం మరమ్మతు వచ్చే ఏడాదికి వాయిదా పడింది. కాలి బ్రేకున్న యంత్రం కొనే విషయం సర్వసభ్య సమావేశంలో తేలుస్తాం. ఈలోగా రుసుము బాకీ ఉన్నవారు చెల్లిస్తే, సన్నపళ్ల పట్టీలు ఇంకో జత తెప్పిస్తాం.

కార్యదర్శి