మళ్లీ షేకర్ పట్టుకున్నాను: చెయ్యి అందించిన అందరికీ కృతజ్ఞతలు

శుక్రవారం రాత్రి తొమ్మిది గంటలకు మళ్లీ బార్ కౌంటర్ వెనుక నిలబడ్డాను. చేతికి గాయమైన పదహారు వారాల తర్వాత. మొదటి ఆర్డరు విస్కీ సోర్, విస్కీలో నిమ్మరసం కలిపి చేసే కాక్‌టెయిల్. షేకర్‌లో ఐసు వేసి, మూత బిగించి, భుజం ఎత్తున పట్టుకుని పన్నెండు సెకన్లు ఊపాను. కుడిచేతి ఉంగరం వేలు కొద్దిగా లాగింది. గ్లాసులోకి వంపినప్పుడు నురుగు మాత్రం ఎప్పటిలాగే పైకి తేలింది. పక్కన పనిచేస్తున్న కుర్రాడు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తన ముందున్న నిమ్మకాయల గిన్నెను నా వైపు జరిపి తన పనిలో పడిపోయాడు. ఆ గిన్నె ఎప్పుడూ నా వైపే ఉండేది.

ఈ నాలుగు నెలల్లో నాకు సాయపడినవారిలో చాలామందికి ఒకరికొకరు పరిచయం లేదు. కొందరి పేర్లు నాకే తెలియవు. అందుకే అందరూ చదివే చోట రాస్తున్నాను. పేర్లు వద్దని కొందరు కోరారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదువుతుంటే ఎవరి సంగతి వారికి తెలుస్తుంది.

నన్ను ఎరగనివారి కోసం రెండు మాటలు. మాది రాజమహేంద్రవరం. హైదరాబాద్ విద్యానగర్‌లోని హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థలో చదివి ఢిల్లీ వచ్చాను. తొమ్మిదేళ్లయింది. అందులో ఏడేళ్లు బార్ వెనుకే గడిచాయి. ఇప్పుడు దక్షిణ ఢిల్లీలోని ఒక నైట్‌క్లబ్బులో ప్రధాన కౌంటర్ నా బాధ్యత.

నవంబరు మూడో శనివారం, రాత్రి ఒంటి గంట దగ్గర పడుతోంది. చివరి ఆర్డర్లు అయిపోయాయి. కడిగిన వైన్ గ్లాసులు తుడుస్తున్నాను. అడుగు భాగం ఒక చేత్తో, పై గిన్నె మరో చేత్తో పట్టుకుని తుడిస్తే కాడ మెలిపడి విరుగుతుందని, గిన్నెనే పట్టుకోవాలని, కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి రోజే చెబుతాను. ఆ రాత్రి నేను సరిగ్గానే పట్టుకున్నాను. కానీ గ్లాసుకు కంటికి కనపడని బీట ఉంది. గుడ్డలోనే పగిలి నా అరచేతిలోకి దిగింది. ఉంగరం వేలిని వంచే రెండు స్నాయువులూ తెగిపోయాయి. పక్కనున్న ఒక నరమూ తెగింది.

ముందుగా ఐసూ గ్లాసులూ అందించే మా మణిపూర్ తమ్ముడికి. అప్పటికి చేరి ఇరవై రోజులే. అందరికంటే ముందు కదిలింది నువ్వే. శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద అదిమి, నా చేతిని తల కంటే ఎత్తుగా పట్టుకుని, కారు ఎక్కేవరకూ దించలేదు. ఆ అదుము వల్లే రక్తం తక్కువ పోయిందని డాక్టరు చెప్పారు. సంగీతం ఆపి దీపాలన్నీ వెలిగించిన డీజేకి, తన ట్రిప్పు రద్దు చేసుకుని మమ్మల్ని ఎక్కించుకుని డబ్బు తీసుకోకుండా వెళ్లిపోయిన క్యాబ్ డ్రైవరుకు కూడా. అన్నా, మీ నంబరు కోసం చాలా వెతికాను. దొరకలేదు.

మా క్లబ్బులో మహిళా బౌన్సర్‌గా పనిచేసే చెల్లీ, నువ్వు ఆ రాత్రంతా ఆసుపత్రి బల్ల మీద నా పక్కనే కూర్చున్నావు. పొద్దున్న ఆపరేషన్‌కు తీసుకువెళ్తుంటే నా చెవి కమ్మలు, ఉంగరం తీసి నీ రుమాలులో మూట కట్టావు. మూడు రోజుల తర్వాత ఆ మూట విప్పి నా ఎడమచేతిలో పెట్టినప్పుడు నేను ఏడ్చింది నొప్పితో కాదు.

ఇక డబ్బు విషయం. నెలజీతం 21,000 రూపాయలు దాటినవారికి ఈఎస్ఐ వర్తించదు. నాది దాటింది. విడిగా ఆరోగ్య బీమా లేదు. ఆ సంగతి బయటికి చెప్పకముందే మా వాళ్లు వసూలు మొదలుపెట్టారు. ఢిల్లీ, గురుగ్రామ్ బార్లలో పనిచేసేవారు, క్లబ్బుకు తరచూ వచ్చే అతిథులు, రాజమండ్రిలోని నా బడి స్నేహితులు కలిసి 1,86,400 రూపాయలు పంపారు. ఆపరేషన్‌కూ మందులకూ 1,32,000 అయింది. ఫిజియోథెరపీ నలభై ఆరు సార్లు, ఒక్కోసారికి 600 చొప్పున 27,600. మిగిలిన 26,800 మా సీనియర్ దగ్గర ఉంచాను. మనలో ఎవరికైనా ఇలాంటి గాయమైతే మొదటి రోజు ఖర్చుకు వాడాలి. బిల్లులు నా దగ్గరే ఉన్నాయి, అడిగినవారికి చూపిస్తాను. ఇది కాక, పదహారు వారాలూ టిప్పుల్లో నా వాటా ఒక్క వారం కూడా ఆగలేదు. నేను పనిచేయని రాత్రుల సొమ్ము అది. వద్దన్నాను. ఎవరూ వినలేదు.

అన్నిటికంటే పెద్ద సాయం డబ్బు కాదు. దాని గురించే ఎక్కువ రాయాలని ఉంది.

మూడో వారంలో యాజమాన్యం నుంచి ఫోను వచ్చింది. చేతికి ఇంకా పట్టీ ఉంది. ‘మీరు ఇక బరువులు ఎత్తలేరు. ద్వారం దగ్గర రిసెప్షన్‌లో కూర్చోండి, అతిథులను పలకరించండి. ఆడపిల్లలకు అది క్షేమంగా ఉంటుంది, మీ మంచికే చెబుతున్నాం’ అన్నారు. గొంతులో దయ ఉంది. ఆ రోజు నేను దాదాపు ఒప్పుకున్నాను. మా వృత్తిలో ఒకసారి కౌంటర్ దాటి ముందుకు వచ్చిన ఆడమనిషి తిరిగి వెనక్కి వెళ్లడం ఎంత కష్టమో తెలిసి కూడా.

సాయంత్రం సీనియర్‌కు ఫోను చేశాను. మేమందరం దీదీ అంటాం. ఆమె తన సంగతి చెప్పింది. 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టం ఢిల్లీలోనూ అమలయ్యేది. జనం మద్యం తాగే చోట స్త్రీలనూ, 25 ఏళ్లు నిండని పురుషులనూ పనిలో పెట్టుకోకూడదని దాని 30వ సెక్షన్ శాసించేది. దీదీ 2003లో హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా పూర్తిచేసింది. అదే తరగతిలో చదివిన కుర్రాడికి వయసు వచ్చాక బార్ దక్కింది, దీదీ కాఫీషాపులోనే ఉండిపోయింది. ఆ సెక్షన్‌లో స్త్రీలపై ఉన్న నిషేధాన్ని 2006లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. 2007 డిసెంబరు 6న అనూజ్ గర్గ్ కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. రక్షణ పేరుతో స్త్రీల స్వేచ్ఛకు కళ్లెం వేయడం కంటే వారిని బలపరచడమే సరైన దారి అని న్యాయమూర్తులు రాశారు. దీదీ ఆ తర్వాత, దాచుకున్న డబ్బుతో ముంబయి వెళ్లి శతభి బసు స్థాపించిన స్టిర్ అకాడమీలో పని నేర్చుకుంది. శతభి బసు 1980లలోనే ముంబయిలో బార్ వెనుక నిలబడినవారు. దీదీ తిరిగి వచ్చి ఈ నగరంలో కౌంటర్ వెనుకకు చేరింది.

‘నన్ను ఆపినప్పుడు కూడా నా మంచికే అన్నారు’ అంది దీదీ. ‘నీ చెయ్యి పనిచేయదని చెప్పవలసింది నీ డాక్టరు. ఆయన చెప్పారా?’

చెప్పలేదు. పన్నెండు వారాలు దాటాక బరువులు మెల్లగా మొదలుపెట్టవచ్చనే చెప్పారు.

మరుసటి రోజు నా తోటి బార్‌టెండర్లు నలుగురూ యాజమాన్యాన్ని కలిశారు. నా స్థానంలో ఎవరినీ తీసుకోవద్దని, నా ఐదు రాత్రులూ తామే పంచుకుంటామని చెప్పారు. ఢిల్లీలో డిసెంబరు అంటే మాకు ఊపిరాడని నెల. పెళ్లిళ్లు, కొత్త సంవత్సరం. ఆ నెలలో నలుగురూ వారాంతపు సెలవులు వదులుకున్నారు. ఒకరి భార్యకు ఏడో నెల. ఇది నాకు జనవరి వరకూ తెలియదు. తెలిసి ఉంటే ఒప్పుకునేదాన్ని కాదని వారికి తెలుసు, అందుకే చెప్పలేదు. తమ్ముళ్లూ, మీ రుణం టిప్పుల లెక్కలా తేలేది కాదు. మీలో ఒకరి ఇంట్లో పసిపాప పుట్టిందని విన్నాను. వచ్చే మూడు నెలల ఆదివారాలు నావి. వాదించవద్దు. మనసు మార్చుకుని నా స్థానాన్ని అలాగే ఉంచిన యాజమాన్యానికీ కృతజ్ఞతలు.

ఫిజియోథెరపిస్టు గారికి ప్రత్యేకంగా రాయాలి. మేడం, మీరు ఎప్పుడూ బార్‌లో అడుగుపెట్టలేదని మొదటి రోజే చెప్పారు. ‘మీరు చేతులతో చేసే పని ఏమిటో నాకు చూపించండి, మీ పనిముట్టు ఏదైనా తీసుకురండి’ అన్నారు. పొడవాటి మెలికల కాడ ఉన్న బార్ స్పూన్ తెచ్చాను. దాన్ని మధ్యవేలికీ ఉంగరం వేలికీ నడుమ పట్టుకుంటాం. స్పూను వీపు గ్లాసు గోడకు ఆనుకుని ఉండాలి. ఒక వేలు లాగుతుంది, మరో వేలు నెడుతుంది, మణికట్టు కదలదు, ఐసు చప్పుడు చేయకుండా తిరుగుతుంది. తెగింది సరిగ్గా ఆ వేలే. మీరు పది నిమిషాలు స్పూను తిప్పి చూసి, ‘ఇంతకంటే మంచి వ్యాయామం నేను కల్పించలేను’ అన్నారు. పదో వారంలో ఖాళీ గ్లాసులో నాలుగు చుట్లు తిప్పగలిగాను. పద్నాలుగో వారంలో ఐసు వేసి యాభై. నా కంటే ముందు మీరు చప్పట్లు కొట్టారు. మీ ప్లాస్టిక్ గ్లాసులు మూడు విరగ్గొట్టాను, కొత్తవి పంపుతున్నాను.

పాత రాజేంద్రనగర్ గదిలో నాతో ఉంటూ సివిల్స్‌కు చదువుతున్న ఇద్దరు తెలుగు అమ్మాయిలకు. ఒంటిచేత్తో జడ వేసుకోవడం ఎవరి వల్లా కాదు. లైబ్రరీకి వెళ్లే ముందు పొద్దున్న ఆరింటికి మీరు వంతులు వేసుకుని నాకు జడ వేశారు. పరీక్షకు చదివేవారికి ఆ పావుగంట ఎంత విలువైనదో తెలియనిదాన్ని కాదు.

అమ్మకు. నవంబరు చివర్లో ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఒంటరిగా వచ్చింది. స్వెట్టరు వేసుకోవడం ఆమెకు అదే మొదటిసారి. సంక్రాంతికి కూడా ఇల్లు చేరకుండా ఉండిపోయింది. డాక్టరు సరే అన్నాక గాయం మచ్చ మీద రోజూ కొబ్బరినూనె రాసి వేలితో అదిమింది. నేను హోటల్‌లో పనిచేస్తానని మాత్రమే ఇన్నేళ్లూ ఊళ్లో చెప్పేది. బార్ అన్న మాట ఆమె నోట ఎప్పుడూ రాలేదు. జనవరిలో ఒక మధ్యాహ్నం, ఇరవై రెండు మందికి సరిపడా పులిహోర కలిపి, మా క్లబ్బు తెరవకముందే తీసుకువెళ్లమంది. లోపల దీపాలన్నీ వెలుగుతున్నాయి. సీసాలు, అద్దాలు, పొడవాటి కౌంటర్. అమ్మ ఒక్క క్షణం ఆగింది. తర్వాత, ‘నీ చోటు ఏది?’ అని అడిగింది. అక్కడున్న కుర్రవాళ్లు ముగ్గురూ ఒకేసారి చూపించారు. అమ్మ కొంగుతో ఆ చోట కౌంటర్ అంచు తుడిచింది. తర్వాత అందరికీ తానే వడ్డించింది.

దూరం నుంచి సందేశాలు పంపిన అమ్మాయిలకు, ముఖ్యంగా ఈ పనిలోకి రావాలా వద్దా అని అడిగినవారికి, ఒక్కొక్కరికి విడిగా జవాబు రాస్తున్నాను. ఎడమచేత్తో మొదలుపెట్టడం వల్ల ఆలస్యమైంది. ఇప్పుడు కుడిచేత్తో రాస్తున్నాను.

ఉగాది తర్వాత వచ్చే ఆదివారం మధ్యాహ్నం అందరికీ ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో నా తరఫున భోజనం. క్యాబ్ అన్నా, ఇది మీకు చేరితే మీరు కూడా రావాలి. ఆదివారం బిర్యానీకి వరుస పొడవుగా ఉంటుంది, పన్నెండింటికల్లా వచ్చేయండి. గేటు దగ్గర నేను, బౌన్సర్ చెల్లి ఉంటాం.