నోటీసుల్లో ‘లేదు’, ‘కాదు’ తగ్గించండి

సంపాదకులకు నమస్కారం.

82 ఏళ్ల మా నాన్నగారు కేంద్ర ప్రభుత్వ పింఛనుదారు. మొన్న ఒక కార్యాలయం గోడ మీద ‘లైఫ్ సర్టిఫికెట్ సమర్పించని వారికి తప్ప ఇతరులకు పింఛను నిలుపుదల చేయబడదు’ అన్న నోటీసు చదివి, తన పింఛను ఆగిపోయిందని రాత్రంతా టెన్షన్ పడ్డారు. పింఛనుదారు బతికే ఉన్నారని చూపే ఆ సర్టిఫికెట్ ఆయన ఎప్పుడో ఇచ్చేశారు! ‘ఏటా నవంబరులో సర్టిఫికెట్ ఇవ్వండి, పింఛను అందుతుంది. 80 ఏళ్లు దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు’ అంటే సరిపోయేది కదా.

ఇంగ్లిష్‌లో ‘నాట్’ విడిగా కనిపిస్తుంది. తెలుగులో ఆ వ్యతిరేకార్థం చాలాసార్లు క్రియలోనే కలిసిపోతుంది. ‘పన్ను కట్టిన వారు’, ‘పన్ను కట్టని వారు’ చూడండి. గుడి ఒక అక్షరం పక్కకు జరిగింది, అంతే, అర్థం తలకిందులైంది. చూపు మందగించిన పెద్దలు దాన్ని ఎలా పట్టుకుంటారు? పోటీ పరీక్షల్లో ‘సరికానిది ఏది’ అన్న ప్రశ్నను ‘సరైనది’గా చదివి, జవాబు తెలిసీ మార్కులు పోగొట్టుకున్న పిల్లలను చూశాను.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ‘ముట్టుకోవద్దు’ అనే రాయాలి. మిగతాచోట్ల ఏం చేయాలో నేరుగా చెప్పండి. వ్యతిరేక పదం తప్పనిసరైతే దాన్ని పెద్ద అక్షరాల్లో అచ్చువేయండి. నోటీసు అంటించే ముందు ఒక పెద్దాయనతో చదివించి చూడాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, విజయవాడ