పోయింది బోర్డు, మార్చమనేది మొత్తం కంప్యూటర్

సంపాదకులు గారికి,

నమస్కారం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు నిలిపివేసిన తర్వాత, ఇంట్లో కంప్యూటర్ ఏ కారణంతో ఆగిపోయినా "జనరేషన్ పాతదైంది, మదర్‌బోర్డు దొరకదు, మొత్తం సెట్ మార్చుకోండి" అనే సలహా మా నల్లగొండ సర్వీసింగ్ షాపుల్లో తరచుగా వినిపిస్తోంది. పిల్లల చదువుకు, డిగ్రీ ప్రవేశాల దోస్త్ దరఖాస్తులకు, పోటీ పరీక్షల సాధనకు ఒక్క కంప్యూటర్‌తో నెట్టుకొస్తున్న కుటుంబం ఈ మాట విని అప్పు చేయడానికి కూడా సిద్ధపడుతుంది. ఆ సలహా కొందరి విషయంలో సరైనదే అయినా, అందరికీ ఒకే మందు రాయడం సబబు కాదు.

అసలు పోయింది బోర్డేనా అన్నది ముందు తేల్చుకోవాలి. తేదీ, సమయం ప్రతిసారీ వెనక్కి పోతుంటే దోషం చాలావరకు బోర్డు మీది మూడు వోల్టుల బిళ్ల బ్యాటరీదే. బటన్ నొక్కినా ఫ్యాన్ కదలకపోతే, కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించాలి. పనిచేస్తున్న మరొకటి తగిలించి చూడటానికి ఎక్కువ సేపు పట్టదు. వోల్టేజీ హెచ్చుతగ్గులు, ఎర్తింగ్ సరిగా లేకపోవడం వల్ల దెబ్బతిన్న ఎస్‌ఎంపీఎస్ బోర్డును కూడా పాడు చేయగలదు కనుక, దాన్ని పరీక్షించకుండానే కొత్త బోర్డు బిగించే షాపును నమ్మడం కష్టం.

ఏ బోర్డు కొనాలో నిర్ణయించేది మన దగ్గర మిగిలిన ప్రాసెసరే, అంటే లెక్కలన్నీ చేసే ప్రధాన చిప్. అది ఏ తరానిదో (జనరేషన్) బట్టి, బోర్డు మీద అది కూర్చునే సాకెట్ మారుతుంది. ఇంటెల్‌లో రెండు, మూడు తరాల ప్రాసెసర్లకు 1155 సాకెట్, నాలుగో తరానికి 1150, ఆరు నుంచి తొమ్మిది వరకు 1151, పది, పదకొండు తరాలకు 1200, పన్నెండు నుంచి పద్నాలుగు వరకు 1700 సాకెట్ కావాలి. వీటిలో చాలామందిని తిప్పలు పెట్టేది 1151. సంఖ్య ఒకటే అయినా, ఆరు, ఏడు తరాల కోసం వచ్చిన హెచ్110 బోర్డులో ఎనిమిదో తరం ప్రాసెసర్ పనిచేయదు. దానికి హెచ్310 వంటి 300 శ్రేణి బోర్డే ఉండాలి. ఏఎండీ వారి ఏఎం4 సాకెట్ ఎక్కువ కాలం కొనసాగింది గానీ, అక్కడ కూడా ఏ520 బోర్డు అదే సంస్థ మొదటి తరం ప్రాసెసరైన రైజెన్‌ను తీసుకోదు. ఏ మోడల్‌లో ఏ ప్రాసెసర్ పడుతుందో తయారీ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది; ఆ జాబితాను షాపులోనే తెరిచి చూపించమని అడగడానికి మొహమాటం అక్కరలేదు. బ్రాండెడ్ కంప్యూటర్ అయితే దాని బోర్డు ఆకారం, కరెంటు కనెక్టర్లు వేరుగా ఉండవచ్చు కాబట్టి, డబ్బు చెల్లించకముందే క్యాబినెట్‌లో పెట్టించి చూసుకోవాలి.

ప్రాసెసర్ ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిదైతే, విండోస్ 11 అధికారిక జాబితాలో ఆ తరాలవి దాదాపు అన్నీ ఉన్నాయి కనుక బోర్డు ఒక్కటే మార్చుకోవడం నా దృష్టిలో సరైన పని. నాలుగో తరం లేదా అంతకు ముందుదైతే చౌక బోర్డుతో మరికొంత కాలం నడుస్తుంది. కాకపోతే విండోస్ 10కు ఇళ్లలో వాడేవారి కోసం పొడిగించిన భద్రతా అప్‌డేట్ల గడువు 2026 అక్టోబరు 13 అని, ఆ తర్వాత ఉచితంగా దొరికే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వైపు పోవడమే మార్గమని తెలిసి ఖర్చు పెట్టాలి. మధ్యలో చిక్కుకున్నవి ఆరు, ఏడు తరాలు. వీటిలో చాలావరకు డీడీఆర్4 ర్యామ్ ఉంటుంది. ర్యామ్ ధరలు 2025 చివరి నుంచి బాగా పెరిగాయి కనుక, ఇంట్లో ఉన్న ర్యామ్‌ను, హార్డ్ డిస్క్‌ను, క్యాబినెట్‌ను ఉంచుకొని, డీడీఆర్4 ర్యామ్ పట్టే హెచ్610 బోర్డు (1700 సాకెట్), పన్నెండో తరం ఐ3 తీసుకుంటే మొత్తం సెట్ మార్చే పని తప్పుతుంది. హెచ్610 బోర్డులు డీడీఆర్5 రకంలో కూడా వస్తాయి, పొరపాటున అది తెస్తే పాత ర్యామ్ పట్టదు. అలాగే ధర తక్కువని ఐ3-12100ఎఫ్ అంటగడితే, చివర ఎఫ్ ఉన్నవాటిలో గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి వేరే కార్డు లేకుండా తెర మీద బొమ్మ రాదు.

పాత తరాల బోర్డుల విషయంలో నాకున్న అభ్యంతరం వేరు. రెండు నుంచి నాలుగు తరాల బోర్డుల్లో ఉండే హెచ్61, హెచ్81 చిప్‌సెట్ల తయారీని ఇంటెల్ ఎప్పుడో ఆపేసింది. ఇప్పటికీ వాటితో "కొత్త" బోర్డులు దొరుకుతున్నాయంటే, చాలావాటిలో పాత బోర్డుల నుంచి విప్పిన చిప్‌లే ఉంటున్నాయి. వాటిని అమ్మడం తప్పని నేను అనను, తక్కువ ఆదాయం ఉన్నవారికి అవే దిక్కు. ఆ సంగతి చెప్పకుండా అమ్మడమే తప్పు. మరమ్మతు చేసిన వస్తువును కొత్తదని నమ్మించడాన్నీ, బిల్లు ఇవ్వకపోవడాన్నీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతులుగా పేర్కొంది. కనుక మోడల్ పేరు, సీరియల్ నంబర్, కొత్తదా మరమ్మతు చేసినదా, వారంటీ ఎన్ని నెలలు, దాన్ని నెరవేర్చేది షాపా కంపెనీయా అన్నవి బిల్లులో రాయించుకోవాలి. ఇంటెల్ బోర్డు సాకెట్‌లోని సన్నటి పిన్నులు వంగితే కంపెనీలు వారంటీ నిరాకరిస్తాయి. అందుకే వాటిని కొనేటప్పుడే వెలుతురులో చూసుకొని, పైనున్న ప్లాస్టిక్ మూతను దాచుకోవాలి.

చౌకగా వస్తుందని వంద కిలోమీటర్లు ప్రయాణించి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామగ్రి అమ్మే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లేవారున్నారు. బోర్డు మొరాయిస్తే మళ్లీ అక్కడికే పోవాలి కాబట్టి, వివరంగా బిల్లు ఇచ్చే స్థానిక షాపుకు కొంత ఎక్కువ చెల్లించినా నష్టం లేదు. మన జిల్లా కంప్యూటర్ వర్తకులు తమంతట తామే ఈ వివరాలతో బిల్లు పుస్తకం అచ్చు వేయించుకోవాలనీ, ఇవ్వనివారిపై జాతీయ వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కు వచ్చే ఫిర్యాదులను అధికారులు చిన్న మొత్తమని పక్కన పెట్టవద్దనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
నల్లగొండ